వెనుకబడిన బిడ్డ నేర్పిన విద్య: డాక్టరు మాంటిస్సోరి జీవితము

పాటలీపుత్రమున సుదర్శనుడను రాజు చదువబ్బని తన కొడుకులను గూర్చి వగచుటయు, విష్ణుశర్మ యను పండితుడు వారిని ఆఱు మాసములలో నీతికోవిదులను జేయుటకు పూనుకొనుటయు, చిన్నయసూరి నీతిచంద్రికను చదివిన వారెల్లరు నెఱిగిన కథయే. కథ ముగిసిన పిదప రెండు ప్రశ్నలు మిగులును. రాజు బిడ్డలు గనుక వారికి విష్ణుశర్మ దొరకెను. కూలివాని గుడిసెలో పుట్టిన బిడ్డకు బుద్ధి మందగించినచో వానికి గురువెవ్వడు? విష్ణుశర్మ గతించిన పిదప అట్టి బోధనము చేయగల మఱియొక గురువును తయారు చేయు వారెవ్వరు? మొదటి ప్రశ్న దయకు సంబంధించినది. రెండవది శాస్త్రమునకు సంబంధించినది. ఈ రెండింటికిని ఒక్క జీవితమున సమాధానము వెదకిన స్త్రీ యొకతె ఇటలీ దేశమున పుట్టి, ముదిమిలో మన దక్షిణదేశమునకు వచ్చి, ఏండ్ల తరబడి ఇచ్చట నివసించినది. ఆమెయే డాక్టరు మేరియా మాంటిస్సోరి.

మన బోయిన్‌పల్లి వారికి ఈ ప్రశ్నలు పుస్తకములోని ప్రశ్నలు మాత్రమే కావు. 1984వ సంవత్సరమున భారతప్రభుత్వము జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పి, దానికి మన యూరినే నెలవు చేసినది. ఆ యావరణమునకు మనోవికాస్ నగర్ అని పేరు. మేధోవైకల్యము గలవారి సాధికారతకై పనిచేయు జాతీయసంస్థ యని పిమ్మట దానికి నామాంతరము కలిగినది. దూరపు జిల్లాలనుండి బిడ్డలను చంకనెత్తుకొని వచ్చు తల్లిదండ్రులు బస్సు దిగి మనలను దారి యడుగుదురు, మనము చూపుదుము. ఆ గేటు లోపల జరుగు విద్య యెక్కడ పుట్టినది, ఎవరి కష్టముచే పెరిగినది అని మనలో విచారించినవారు తక్కువ. రజతోత్సవవేళ ఈ గ్రంథాలయ పాఠకుల యెదుట ఆ చరిత్రను కొంత నివేదింపదలచితిని.

బాల్యము – వైద్యవిద్య

మేరియా 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని అంకోనా మండలమున కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ఆర్థికశాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె స్తొప్పాని గ్రంథపఠనాసక్తి గల స్త్రీ. 1875 ప్రాంతమున వారి కుటుంబము రోము నగరమునకు తరలివచ్చెను. పదమూడవ యేట మేరియా బాలురు చదువు సాంకేతిక పాఠశాలలో చేరెను. మొదట యంత్రశాస్త్రమునందు కోరిక. పిమ్మట మనస్సు వైద్యముపై నిలిచినది. ఆడుపిల్ల వైద్యము చదువుట తండ్రికి సమ్మతము కాలేదు. తల్లి కూతురి పక్షము వహించినది. పురుషుల నడుమ ఆడుది శవచ్ఛేదము చేయరాదను నియమముండుటచే, అందఱును వెడలిపోయిన పిదప ఆమె యొంటరిగా ఆ గదిలో పని చేయవలసివచ్చెడిది. ఇన్ని యడ్డంకులను దాటి 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. ఇటలీలో అట్టి పట్టము పొందిన తొలితరము స్త్రీలలో ఆమె యొకతె. ఆ యేడే బెర్లిను నగరమున జరిగిన అంతర్జాతీయ మహిళాసభకు వెళ్లి, సమానమైన పనికి స్త్రీలకును సమానమైన కూలి యీయవలెనని వాదించెను.

ఉన్మాదాలయమున పిల్లలు

పట్టము పొందిన పిదప ఆమె విశ్వవిద్యాలయపు మానసికచికిత్సాలయమున సహాయవైద్యురాలిగా చేరెను. చికిత్సకు తగిన రోగులను ఎన్నుకొనుటకై నగరములోని ఉన్మాదాలయములకు పోవలసివచ్చెడిది. అచ్చట ఆమెకు కనబడినవారు పిచ్చివారు మాత్రమే కాదు. చదువబ్బని పిల్లలు, మాట రాని పిల్లలు, ఏ పాఠశాలయు చేర్చుకొనని పిల్లలు, పెద్దవారైన ఉన్మత్తుల నడుమనే మూసివేయబడి యుండిరి. భోజనమైన పిదప ఆ పిల్లలు నేలమీదికి వంగి రొట్టెముక్కల పొడికై తడవులాడుచుండిరనియు, అది తిండియాశ యని కాపలాదారు చీదరించుకొనెననియు ఆమె జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. మేరియా మఱియొక విధముగా చూచెను. ఆ గదిలో పట్టుకొనుటకు గాని, త్రిప్పిచూచుటకు గాని ఒక్క వస్తువును లేదు. పిల్లల చేతులు పనిని వెదకుచున్నవి. ఆ చేతులకు దొరకినది రొట్టెపొడి యొక్కటే.

ఈ చూపు ఆమెను గ్రంథాలయమునకు నడపెను. అంతకు పూర్వము నూఱేండ్లనాడు, 1800 ప్రాంతమున, ఫ్రాన్సు దేశపు అవేరోన్ అడవులలో దొరకిన మాటలేని బాలునికి ఇటార్ అను వైద్యుడు ఏండ్ల తరబడి విద్య నేర్పజూచెను. అతని శిష్యుడు సెగెన్ పారిసు నగరమున మందబుద్ధులైన పిల్లలకు పాఠశాల నడిపి, ఇంద్రియములను, చేతులను మొదట శిక్షించి తరువాత బుద్ధిని మేలుకొల్పు పద్ధతిని గూర్చి 1846లో గొప్ప గ్రంథము వ్రాసెను. పిమ్మట అమెరికాకు వలసపోయి 1880లో మరణించెను. వీరి గ్రంథములను పట్టించుకొనువారు అప్పటికి అరుదు. మేరియా ఆ గ్రంథములను మొదటినుండి తుదివఱకు తన చేతితో ఇటాలియను భాషలోనికి వ్రాసికొనెను. చదివినంతమాత్రమున చాలదని, ప్రతిపదపు బరువును తూచుటకు వ్యవధి దొరకవలెనని ఆమె యిట్లు చేసెను. తాటాకులమీద గ్రంథములను ప్రతివ్రాసికొని చదివిన మన పూర్వులకు ఈ పని లోతు తెలియును.

గురువుల పాఠశాల

1898లో టూరిన్ నగరమున జరిగిన విద్యామహాసభలో ఆమె లేచి, బుద్ధిమాంద్యము వైద్యులకన్న ఉపాధ్యాయులకే ఎక్కువగా సంబంధించిన సమస్య యని వాదించెను. మందిచ్చి పంపివేయుటకు వీలుగాని బిడ్డకు మంచి చదువు చెప్పవలెను. చదువు చెప్పుటకు ఉపాధ్యాయుడు కావలెను. ఉపాధ్యాయునికి ముందుగా శిక్షణ కావలెను. ఈ వాదమే మూలముగా 1900లో రోము నగరమున అట్టి పిల్లల ఉపాధ్యాయులకై ఒక శిక్షణపాఠశాల వెలసెను. డాక్టరు మాంటిస్సోరియు, డాక్టరు గియుసెప్పె మాంటెసానోయు దానికి సంచాలకులు. మొదటి తరగతిలో 64 మంది ఉపాధ్యాయులు చేరిరి. వారు అభ్యాసము చేయుటకై పిల్లల తరగతి యొకటి ఆ పాఠశాలకే జతపఱుపబడెను. పుస్తకము ఒక ప్రక్క, పిల్లలు మఱియొక ప్రక్క ఉండగా ఉపాధ్యాయులు నేర్చుకొనిరి. ఇందలి విశేషము పాఠకులు గమనింపవలెను.

మాంటిస్సోరి కేవలము ఉపన్యాసములిచ్చి వెడలిపోయిన సంచాలకురాలు కాదు. ఉదయము ఎనిమిది గంటలనుండి సాయంకాలము ఏడు గంటలవఱకు తానే పిల్లలకు పాఠము చెప్పెడిది. రాత్రి కూర్చుండి ఆనాడు చూచినదెల్ల వ్రాసికొనెడిది, పోల్చిచూచెడిది. లెక్కలు వ్రాసి బ్రదుకు నాబోటి వానికి ఈ యలవాటు మిక్కిలి ప్రియమైనది. చిట్టా లేని ఖాతాను ఎవరును నమ్మరు. పొలమునకు పోక ఇంట కూర్చుండి వ్రాసిన పహాణీ యెట్టిదో రైతులందఱు నెఱుగుదురు. ఉపాధ్యాయుడు బిడ్డను చూడక వ్రాసిన ప్రగతిపత్రమును అట్టిదే.

ఆ కాలమున జరిగిన యొక సంగతిని ఆమె తన గ్రంథమున వివరించెను. పదునొకండేండ్ల బాలిక యొకతెకు చేతులలో బలమున్నది, కదలికలో లోపము లేదు. అయినను కుట్టుపని యెంత నేర్పినను రాలేదు. సూదిని క్రిందికి పోనిచ్చి పైకి తీయుట యను మొదటి మెట్టు దగ్గఱనే ఆగిపోయెను. మాంటిస్సోరి సూదిని ప్రక్కకు పెట్టించి, కాగితపు పట్టీలను ఒకదాని క్రిందినుండి మఱియొకదాని పైకి దూర్చి చాప యల్లు ఆటను ఆ బాలికకు నేర్పెను. అల్లిక చక్కగా వచ్చిన పిదప మరల సూది నిచ్చెను; బాలిక కుట్టసాగెను. సూది పట్టుటకు ముందే సూదిపనిలోని కదలికను వేఱొక సులభమైన పనిలో చేతికి అలవాటు చేయవచ్చునని దీనివలన తేలినది. బిడ్డకు పని రానిచో బిడ్డను నిందింపక, ఆ పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి తప్పిపోయిన మెట్టును వెదకవలెను. నేడు ప్రత్యేకవిద్య నేర్చు ప్రతి యుపాధ్యాయుడును మొదట నేర్చు పాఠమిదియే.

ఆ పిల్లలలో కొందఱు చదువను వ్రాయను నేర్చి, సాధారణ బాలురతోపాటు ప్రభుత్వపరీక్షలకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. జనులు అద్భుతమని కొనియాడిరి. ఆమెకు మాత్రము ఆ మెప్పు తృప్తి కలిగింపలేదు. మందబుద్ధులని త్రోసివేయబడిన పిల్లలు సరియైన బోధనముచే ఇంతవఱకు రాగలిగినప్పుడు, ఆరోగ్యముగల పిల్లలు సాధారణ పాఠశాలలలో ఇంత దిగువనే యేల నిలిచియున్నారని ఆమె విచారపడెను. ఈ ప్రశ్న ఆమె జీవితమును మఱియొక త్రోవ పట్టించినది.

తల్లియైన స్త్రీ దుఃఖము

చరిత్ర వ్రాయువాడు ఒక దుఃఖమును దాచరాదు. 1898 మార్చి 31న మేరియాకు మారియో యను కుమారుడు కలిగెను. తండ్రి డాక్టరు మాంటెసానో. వారికి వివాహము జరుగలేదు. ఆ కాలపు సమాజమున ఈ సంగతి బయలుపడినచో వైద్యురాలి పనియు, గౌరవమును ఒక్క దినమున కూలిపోయెడివి. బిడ్డను పల్లెటూర ఒక దాది కుటుంబమున ఉంచి పెంచిరి. తల్లి అప్పుడప్పుడు పోయి చూచివచ్చెడిది, తల్లినని చెప్పికొనలేదు. ఎవరికిని అక్కఱలేని పిల్లలకొఱకు పగలంతయు పాటుపడిన స్త్రీ తన బిడ్డను తన యొడిలో పెంచుకొనలేకపోయెను. 1901లో ఆమె మాంటెసానోను, ఆ శిక్షణపాఠశాలను విడిచి వెడలిపోయెను. 1912 కడపట తన తల్లి మరణించిన పిదప, పదునైదేండ్ల మారియోను తనయొద్దకు తెచ్చుకొనెను. అటుపిమ్మట అతడు తుదివఱకు ఆమె వెంటనే యుండి, ఆమె పనికి కుడిచేయియైనాడు.

శాన్ లొరెంజో బాలగృహము

రోము నగరమున శాన్ లొరెంజో యనునది పేదల పేట. అచ్చటి యిండ్లను బాగుచేయించిన సంస్థవారు, తలిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లమీద ఆడుచు గోడలు పాడుచేయుచున్నారని, వారికొక గది యేర్పఱచి మాంటిస్సోరికి అప్పగించిరి. 1907 జనవరి 6న ఆ బాలగృహము తెఱవబడెను. రెండు మూడేండ్లు మొదలు ఆఱేడేండ్లవఱకు గల యేబదిమందికి పైగా పిల్లలు వచ్చిరి. వెనుకబడిన పిల్లలకొఱకు సెగెన్ మార్గమున తాను సిద్ధపఱచిన సామగ్రినే ఆమె యిచ్చటను పెట్టెను. కొయ్యదిమ్మెలో సరిగా దిగునట్టి స్తూపములు, ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్లవఱకు పెరుగు పది ఘనములు, బొత్తాములు పెట్టి తీయుటకు గుడ్డచట్రములు, వ్రేలితో తడవుటకు గరుకుకాగితపు టక్షరములు ఇందులోనివి. స్తూపము తప్పు గుంటలో పెట్టినచో కడపట ఒకటి మిగిలిపోవును. తప్పును వస్తువే చెప్పును, గురువు గద్దింపవలసిన పని లేదు.

మూడేండ్ల బాలిక యొకతె ఆ స్తూపములను నలువది సారులకు పైగా తీసి పెట్టి, చుట్టును పాటలు పాడించినను తల యెత్తలేదని ఆమె లెక్కించి వ్రాసికొనెను. చిన్న బిడ్డకు ఏకాగ్రత యుండదను మాట ఆనాటితో ఆమె విషయమున తొలగిపోయినది. బిడ్డకు తగిన పని దొరకనిచోటనే చాపల్యము కనబడునని ఆమె నిశ్చయించెను.

గురుశిక్షణమను మహాకార్యము

బాలగృహపు వార్త దేశదేశములకు ప్రాకెను. చూడవచ్చిన వారందఱు సామగ్రిని కొనిపోవుటకు కోరిరి. గురువు లేని సామగ్రి వట్టి కొయ్యముక్క యని ఆమె యెఱుగును. 1909లో చిత్తా ది కస్తెల్లో యను చోట నూఱుమంది యుపాధ్యాయులకు మొదటి శిక్షణ నిచ్చెను. ఆ సంవత్సరముననే తన పద్ధతిని గూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1912లో దానికి ఆంగ్లానువాదము వచ్చెను. 1913లో రోమునందు మొదటి అంతర్జాతీయ శిక్షణతరగతి జరిగెను. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనమున అద్దపుగోడల తరగతి యొకటి కట్టించి, లోపల పిల్లలు పనిచేయుచుండగా వెలుపలివారు చూచునట్లు చేసెను. 1929లో తన కుమారునితో కలసి అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘమును స్థాపించెను.

ఆమె శిక్షణతరగతిలో ఉపన్యాసము ఒక పాలు మాత్రమే. శిక్షితుడు ప్రతివస్తువును తానే చేతబట్టి గంటలకొలది అభ్యసింపవలెను. ప్రతిపాఠమును తన చేతివ్రాతతో గ్రంథముగా కూర్చుకొనవలెను. నడచుచున్న తరగతిలో మూలను కూర్చుండి, నోరు మెదపక, పిల్లలను చూచి వ్రాసికొనవలెను. కడపట పరీక్ష నీయవలెను. ఒక మాటను నేర్పునప్పుడు సెగెన్ చూపిన మూడు మెట్లను పాటింపవలెను. మొదట వస్తువును చూపి పేరు చెప్పుట. రెండవది పేరు చెప్పి వస్తువును చూపుమనుట. మూడవది వస్తువును చూపి పేరడుగుట. రెండవ మెట్టున బిడ్డ తప్పినచో కోపింపక మొదటి మెట్టునకు దిగవలెను. ఇంత చిన్న విషయమును మాటలలో విన్నవాడు మఱచిపోవును, చేసినవాడు మఱువడు.

విమర్శకులు లేకపోలేదు. 1914లో కిల్‌పాట్రిక్ అను అమెరికను విద్యావేత్త ఒక గ్రంథము వ్రాసి, ఈ సామగ్రి ఇఱుకైనదనియు, ఊహకును, తోడిపిల్లలతో కలసిమెలసి చేయు పనికిని చోటు తక్కువ యనియు ఆక్షేపించెను. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు అధికారమును ఆమె చిరకాలము తన చేతనే యుంచుకొనుటవలన పద్ధతికి శుద్ధి నిలిచినది, వ్యాప్తికి అడ్డము కలిగినది. రోముపరీక్షలలో ఉత్తీర్ణులైన పిల్లలను, శిక్షణ పొందని మఱికొందఱితో జంటగా పోల్చిచూచుట ఆనాడు జరుగలేదు. నేటి శాస్త్రజ్ఞులు అట్టి పోలికను కోరుదురు. అట్టిదియు నేడు కొంత దొరకినది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున చీటీలు వేసి పిల్లలను చేర్చుకొను పాఠశాలలందు 141 మందిని మూడేండ్లు పరిశీలించి, ఆంజెలిన్ లిలార్డ్ బృందమువారు 2017లో ఫలితములను ప్రకటించిరి. మాంటిస్సోరి తరగతుల పిల్లలు చదువున ముందుండిరి. పేద బిడ్డకును కలిగిన బిడ్డకును గల అంతరమును అచ్చట తగ్గినది. ఆమెయే 2012లో చేసిన మఱియొక పరిశీలనలో పద్ధతిని యథాతథముగా పాటించిన తరగతులలో మేలెక్కువగాను, ఇతరవస్తువులతో కలగాపులగము చేసిన తరగతులలో తక్కువగాను కనబడినది. ఇవి సాధారణ బాలురను గూర్చిన పరిశీలనలే యైనను, బోర్డుమీది పేరు చదువు చెప్పదు, శిక్షణ పొందిన గురువే చెప్పునని వీనివలన తెలియుచున్నది.

ప్రవాసము – భారతదేశము

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము మొదట ఆమెను ఆదరించి, తరువాత తన యాజ్ఞకు లోబరచుకొనజూచెను. ఆమె లొంగలేదు, 1934లో ఇటలీయందు ఆమె పాఠశాలలు మూతబడెను. జర్మనీలో నాజీలును అట్లే చేసిరి. 1936లో స్పెయిను దేశమున అంతర్యుద్ధము చెలరేగగా బార్సిలోనా విడిచి హాలెండు చేరెను.

మన దేశమున ఆమె పద్ధతి ఆమెకంటె ముందే వచ్చియున్నది. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించి, ఆ పద్ధతిని మన వాతావరణమునకు మలచెను. 1931లో మహాత్ముడు లండను నగరమున ఆమెను కలసికొని, ఆమె శిక్షణాలయమున ప్రసంగించెను. 1939లో మద్రాసు అడయారునందలి దివ్యజ్ఞానసమాజపు అధ్యక్షుడు జార్జి అరండేలును, రుక్మిణీదేవియు ఆహ్వానింపగా, అఱువదితొమ్మిదేండ్ల ప్రాయమున ఆమె మారియోతో విమానమెక్కి మద్రాసు చేరెను. అడయారు తోటలో జరిగిన మొదటి తరగతికి సుమారు 300 మంది వచ్చిరి. ఆమె ఇటాలియనున చెప్పుచుండగా మారియో ఆంగ్లమున ననువదించుచుండెను.

మూడు మాసములకై వచ్చినామె ఏండ్ల తరబడి నిలిచిపోవలసివచ్చెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగుటచే, బ్రిటిషు ప్రభుత్వము మారియోను శత్రుదేశీయుడని అహమ్మదునగరమున నిర్బంధించెను. ఆగస్టు 31న ఆమె డెబ్బదవ జన్మదినమునకు కానుకగా అతనిని విడుదల చేసిరి. అప్పటివఱకు బంధువని చెప్పబడుచున్న అతనిని ప్రభుత్వపు తంతిలో ఆమె కుమారుడనియే వ్రాసిరి. నలువదిరెండేండ్లు దాగిన మాట పరాయి ప్రభుత్వపు కాగితమున బయలుపడి ఆ తల్లికి ఊఱట కలిగించినది.

1942 మొదలు రెండేండ్లు కొడైకెనాలు కొండలమీద నుండెను. అహమ్మదాబాదు, కరాచీ, పూనా, కొలంబో నగరములందును తరగతులు నడపెను. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమెవద్ద శిక్షణ పొందిరి. అహమ్మదాబాదు ఉపన్యాసములు 1949లో గ్రంథముగా వెలువడెను. పుట్టినది మొదలు ఆఱేండ్లవఱకు బిడ్డ మనస్సు చుట్టుప్రక్కలనుండి సర్వమును తనలోనికి పీల్చుకొనునని అందు ప్రతిపాదించెను. ఆమె మరలిపోయిన పిదప శిష్యుడైన ఆల్బర్ట్ యోస్టెన్ మన దేశముననే నిలిచి శిక్షణను సాగించెను. ఆంధ్రదేశమున 1950వ దశకమందు వేగె కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరి పేర పాఠశాల స్థాపించి స్త్రీవిద్యకు దానిని గొప్ప నెలవుగా పెంచెను. 1949, 1950, 1951 సంవత్సరములలో మాంటిస్సోరి పేరు నోబెలు శాంతిబహుమానమునకు సూచింపబడెను గాని బహుమానము రాలేదు. 1952 మే 6న హాలెండులోని నూర్డ్‌వైక్ అను సముద్రతీరగ్రామమున, మారియో చెంత నుండగా, ఆమె దేహము విడిచెను.

ఆ ఋణము మనము తీర్చవలసినది

ఈ చరిత్రలో ఒక విడ్డూరమున్నది. ఈ విద్య ఉన్మాదాలయపు నేలమీద పుట్టినది. త్రోసివేయబడిన బిడ్డ దానిని గురువునకు నేర్పెను. పేదల పేటలో అది నడక నేర్చెను. నేడో, మాంటిస్సోరి యను పేరు మన నగరములలో పెద్ద ఫీజులు గల పాఠశాలల బోర్డులమీద వెలుగుచున్నది. ఆ పేరు ఎవరైనను పెట్టుకొనవచ్చును. ఎవరి మూలమున ఆ విద్య పుట్టినదో ఆ బిడ్డ ఆ గేటులోనికి పోజాలడు. తాత సంపాదించిన మాన్యమునకు మనుమడే కౌలుదారు కూడ కాకపోయినట్లున్నది.

మన మనోవికాస్ నగర్‌లో ఆ బిడ్డకు హక్కు మరల దక్కుచున్నది. చిన్నవయస్సు పిల్లల ప్రత్యేకవిద్యలో ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చు పాఠ్యక్రమములు ఆ సంస్థలో నడచినవి. బిడ్డ యేమి చేయగలడు, ఏ మెట్టున నున్నాడు అని పనులవారీగా గుర్తించు పట్టికలను అచ్చటివారు సిద్ధపఱచిరి. 1992 నాటి చట్టముచే ఏర్పడిన పునరావాస మండలి, శిక్షణ పొంది నమోదైనవారే ఈ వృత్తి చేయవలెనని నియమించి, వారు ఎప్పటికప్పుడు విద్యను క్రొత్తపఱచుకొనుటకు ఏర్పాటు చేసినది. 2021లో పసిబిడ్డల వైకల్యములను తొలుతనే గుర్తించి చికిత్సయు శిక్షణయు ఒక్కచోట నిచ్చు కేంద్రములను దేశమున 14 చోట్ల తెఱవగా, సికింద్రాబాదు అందొకటి.

ఉపాధ్యాయుని కెట్టి శిక్షణ ఫలించునను విషయమును నేటి పరిశోధకులును తూచి చూచిరి. జాయిస్, షవర్స్ అను అమెరికను విద్యావేత్తలు 1980వ దశకమున ప్రకటించిన పరిశీలనల సారమిది: ఒకనాడు ఉపన్యాసము విని కాఫీ త్రాగి పోయిన ఉపాధ్యాయుని తరగతిలో మార్పు అరుదు, చేసి చూపి, చేయించి, తప్పొప్పులు చెప్పి, పిమ్మట అతని తరగతికే అనుభవజ్ఞుడొకడు పోయి ప్రక్కన నిలిచి దిద్దినచో మార్పు నిలుచును. పొలము కొలుచుట నేర్చువాడు గొలుసు పట్టి, పెద్దవాని వెంట గట్లమీద నడచి నేర్చును గాని గదిలో కూర్చుండి నేర్వడు. 1900లో రోమునందు తరగతి ప్రక్కనే తరగతి పెట్టి మాంటిస్సోరి చేసినదియు నిదియే.

ఈ పని పెద్దసంస్థల గేటు దగ్గఱ ఆగిపోరాదు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు ఊరూర నున్నవి. దివ్యాంగులైన పిల్లలను అంగన్‌వాడీలలో ఎట్లు గుర్తింపవలెనో, ఎట్లు కలుపుకొనవలెనో తెలుపు నియమావళిని కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించినది. మండలములందు భవిత కేంద్రములున్నవి. తొమ్మిది మాసములకు ఊత లేక కూర్చుండకున్నను, పదునెనిమిది మాసములకు నడవకున్నను, ఒక్క మాటయైన పలుకకున్నను, పిలిచిన తిరిగి చూడకున్నను, తల్లిదండ్రులు ఆలస్యము చేయక బిడ్డను చూపింపవలెను. కర్మమనియు, మేనమామ పోలిక యనియు, పెద్దయైన సరియగుననియు వేచియుండు ప్రతిమాసమును బిడ్డకు నష్టమే. వెఱ్ఱివాడు, మొద్దు అను మాటలను మన వీధులనుండి తొలగించుట కైతే శిక్షణయు నక్కఱలేదు.

మన గ్రంథాలయమునకు ఇఱువదియైదేండ్లు నిండినవి. ఈ విషయమున మనము చేయదగిన చిన్న పనులు రెండు కలవు. బాలవిద్యను, వైకల్యము గల పిల్లల పెంపకమును గూర్చి తెలుగున దొరకు పుస్తకములను, సంస్థవారు ప్రకటించు చిన్నపొత్తములను ఒక బీరువాలో చేర్చి, అవి యడిగిన తల్లికి చందా లేకయే చదువనిచ్చుట యొకటి. నెలకొక సాయంకాలము మన చదువుగదిని అంగన్‌వాడీ ఉపాధ్యాయినులకును, అట్టి బిడ్డల తల్లులకును విడిచిపెట్టి, అనుభవజ్ఞులైన వారిని పిలిచి, వస్తువులు చేతికిచ్చి నేర్పించుట రెండవది. మాంటిస్సోరి మొదటి బాలగృహమును ఒక్క గదిలోనే ప్రారంభించెను. మనకును గది యున్నది, బిడ్డలును ఉన్నారు. కార్యవర్గమువారు ఈ మనవిని ఆలోచింతురు గాక.